కంచె మీద కౌరవులు

పువ్వును చూసి భారతం అల్లుకున్నాం. రాఖీ అని ముద్దుపేరు పెట్టుకున్నాం. పండు చప్పరించి గింజను మాత్రం ఉమ్మేస్తున్నాం. ఎవరూ నాటకుండానే చెలక గట్టున పెరిగే జుమికి తీగ అసలు కథ ఆ ఉమ్మేసిన గింజలోనే ఉంది.

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోయే దారిలో లింగంపేట వస్తుంది. కొత్తగా వచ్చినవాళ్లు ముందుగా అడిగేది నాగన్న బావి ఎక్కడని. 18వ శతాబ్దపు మెట్లబావి అది. ఈమధ్యే బాగుచేయడంతో చూడవచ్చేవాళ్లు పెరిగారు. బావి చూశాక చాలామంది బండెక్కి వెళ్లిపోతారు. వానాకాలం పొద్దున, ఎండ ముదరకముందు ఊరు దాటి నాలుగడుగులు వేస్తే మాత్రం ఇంకో వింత కంటపడుతుంది. దానికి టికెట్టూ లేదు, బోర్డూ లేదు.

తుమ్మకంప దడి మీద సన్నని తీగ పాకి ఉంటుంది. మూడు పాయల ఆకు, దానినిండా మెత్తని నూగు. ఆకు నలిపితే ముక్కు పక్కకు తిప్పుకునే వాసన. తీగ పొడవునా స్ప్రింగుల్లా చుట్టలు తిరిగిన నులితీగలు. వాటి మధ్య పది రూపాయల బిళ్ల కన్నా కాస్త పెద్దదిగా తెల్లని పువ్వు. రేకుల మీద సన్నని దారాలు గుండ్రంగా పరిచినట్టు ఉంటాయి. మొదట్లో ఊదా, కొసల్లో తెలుపు. నడుమ చిన్న స్తంభం, దాని చుట్టూ ఐదు కేసరాలు, పైన మూడు బుడిపెలు. ఆడపిల్లల చెవి జుమికీని ఎవరో విప్పి ముళ్ల మీద పెట్టినట్టుంటుంది. తెలుగులో దీన్ని తెల్లజుమికి అంటారు. శాస్త్రవేత్తల పేరు పాసిఫ్లోరా ఫొటిడా.

పదకొండు గంటలకు మళ్లీ వచ్చి చూస్తే పువ్వు ముడుచుకుపోయి ఉంటుంది. బతుకమ్మలో ఈ పువ్వు కనబడకపోవడానికి కారణం ఇదేనేమో. తంగేడు, గునుగు, కట్లపూలు పొద్దున కోసుకొచ్చినా బతుకమ్మ పేర్చేవేళకు నిలబడతాయి. జుమికి మధ్యాహ్నం దాకా కూడా ఆగదు. అది పూసేది మన పండుగ కోసం కాదు, గింజ కోసం.

సబ్జా గింజల గోలీ

పువ్వు వాడిన కొన్ని వారాలకు అక్కడే కాయ తయారవుతుంది. కాయ చుట్టూ ఆకుపచ్చని దారాల వల ఉంటుంది. వల సంచిలో గోలీ వేసినట్టే. పచ్చి కాయ గట్టిగా ఉంటుంది. పండితే పసుపు పచ్చగా, కాస్త నారింజ రంగులోకి తిరిగి వేళ్ల మధ్య మెత్తబడుతుంది. పొలాల వెంట తిరిగే పిల్లలకు ఈ తేడా పుస్తకం చెప్పక్కర్లేదు. “పండినయే తినాలె, పచ్చియి తింటే కడుపుల నొస్తది” అనే రకం జ్ఞానం అన్న నుంచి తమ్ముడికి, అక్క నుంచి చెల్లికి అందుతూనే ఉంటుంది.

ఒక పండును గోటితో చీల్చి అరచేతిలో పరిచాను. లోపల నానబెట్టిన సబ్జా గింజల్లా ఉంది. ఒక్కో నల్ల గింజ చుట్టూ పారదర్శకంగా చిన్న రసపు సంచి. నోట్లో వేసుకుంటే తీపి, దాని వెనకే సన్నని పులుపు. గింజలు ఏరి లెక్కపెడితే ఇరవై దాటాయి. గింజలు కాయ నడుమ అతుక్కుని లేవు. లోపలి గోడకు మూడు వరుసల్లో, ఒక్కోదానికి ఒక్కో బొడ్డుతాడుతో వేలాడుతున్నాయి. పువ్వు నడుమ మూడు బుడిపెలు చూశాం కదా, ఈ మూడు వరుసలు వాటి లెక్కే.

మనం పండు అనుకుని తినేది నిజానికి గుజ్జు కాదు. గింజ తన చుట్టూ తానే కట్టుకున్న పొర. పక్షికో పిల్లవాడికో ఇచ్చే కూలి అది. తీపి తిను, నన్ను ఇంకో చోట పడెయ్ అన్నట్టు. పక్షులు తింటాయి, గింజలు రెట్టలో పడతాయి. దడి మీద పిట్టలు వాలే చోటే ఈ తీగ ఎక్కువగా కనిపించడంలో వింతేమీ లేదు.

ముందు దానిమ్మ, తర్వాత శిలువ

ఈ జాతి పుట్టిల్లు మన నేల కాదు. పాసిఫ్లోరా కుటుంబంలో 500కు పైగా జాతులు ఉంటే వాటిలో చాలా భాగం అమెరికా ఖండాలవే. మన తెల్లజుమికి సొంతూరు అమెరికా దక్షిణ అంచు నుంచి మెక్సికో, కరీబియన్ దీవుల మీదుగా దక్షిణ అమెరికా దాకా ఉన్న వేడి ప్రాంతం. మిరపకాయ, మక్క, జామ, సీతాఫలం, వేరుశనగ వచ్చిన దిక్కు నుంచే ఇదీ వచ్చింది. వాటిని మనం నెత్తికెత్తుకున్నాం. దీన్ని కంచె దగ్గరే వదిలేశాం.

16వ శతాబ్దంలో దక్షిణ అమెరికాలో అడుగుపెట్టిన స్పెయిన్ వాళ్లకు ఈ పండు చూడగానే గుర్తొచ్చింది దానిమ్మ. వాళ్ల భాషలో దానిమ్మ గ్రనాదా. అందుకే ఈ పండును గ్రనదిల్లా, అంటే చిన్న దానిమ్మ అన్నారు. కారణం స్పష్టమే. చీల్చితే లోపలంతా రసం నిండిన గింజలు. అంటే ఐరోపా వాళ్లు దీనికి పెట్టిన తొలి పేరు గింజను చూసి పెట్టిందే.

తర్వాత క్రైస్తవ మతగురువుల కళ్లు పువ్వు మీద పడ్డాయి. 17వ శతాబ్దం మొదట్లో రోమ్‌లో జాకొమో బోసియో అనే రచయిత ఈ పువ్వులో ఏసుక్రీస్తు శిలువ గాథ అంతటినీ చూశాడు. గుండ్రని దారాలు ముళ్ల కిరీటం. మూడు బుడిపెలు మూడు మేకులు. ఐదు కేసరాలు ఐదు గాయాలు. నులితీగలు కొరడాలు. పది రేకులు పదిమంది శిష్యులు. అలా వచ్చిన పేరే ప్యాషన్ ఫ్లవర్. ఇక్కడ ప్యాషన్ అంటే మోజూ ప్రేమా కాదు, క్రీస్తు పడ్డ బాధ. జ్యూస్ సీసాల మీద హృదయం బొమ్మలు వేసి అమ్మేవాళ్లకు ఈ సంగతి తెలియదేమో. 1753లో స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ ఆ అర్థంతోనే లాటిన్‌లో పాసిఫ్లోరా అని స్థిరపరిచాడు. ఫొటిడా అంటే కంపు కొట్టేది. బాధ పువ్వు, ఆపైన కంపు. పాపం, పేరు విషయంలో మన జుమికిదే మేలు.

అదే పువ్వు మన దగ్గరికి వచ్చేసరికి భారతం అయింది. చుట్టూ దారాలు నూరుగురు కౌరవులు, ఐదు కేసరాలు పాండవులు, పైన మూడు బ్రహ్మ విష్ణు మహేశ్వరులు. నడుమ ఉన్న ఆకుపచ్చ గుండు కృష్ణుడని కొందరు, ద్రౌపది అని కొందరు. అందుకే కృష్ణకమలం, కౌరవపాండవ పువ్వు అనే పేర్లు. ఓపిక ఉంటే దారాలు లెక్కపెట్టండి, సరిగ్గా నూరు రాకపోవచ్చు. జాతిని బట్టి సంఖ్య మారుతుంది. చేతికి కట్టే రాఖీలా ఉంటుంది కాబట్టి హైదరాబాద్ నర్సరీల్లో రాఖీ పువ్వు. జపాన్ వాళ్లకు ఇందులో గడియారం ముళ్లు కనిపించాయి, గడియారం పువ్వు అన్నారు. ఎవరి మనసులో ఏముంటే అది కనిపించే అద్దం ఈ పువ్వు.

ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోవాలి. అమెరికా నుంచి ఓడలు రాకముందు ఈ పువ్వు మన దేశంలో లేదు. కాబట్టి వ్యాసుడి కాలం నుంచి ఉందని, చరకుడే చెప్పాడని ఎవరైనా చూర్ణం సీసా చూపిస్తే నమ్మకండి.

పాండవుల పని

కథలు పక్కనపెట్టి పువ్వు పనితనం చూద్దాం. మామూలు పువ్వులో కేసరాలు అడుగునుంచి లేస్తాయి. ఇందులో అండాశయాన్నీ కేసరాలనూ కలిపి ఒక చిన్న స్తంభం పైకెత్తి పట్టుకుంటుంది. తేనె స్తంభం అడుగున, దారాల కంచె లోపల దాగి ఉంటుంది. తేనె తాగడానికి వచ్చిన తేనెటీగ స్తంభం చుట్టూ ప్రదక్షిణ చేయాలి. అలా తిరుగుతున్నంతసేపూ పైన గొడుగులా వంగిన కేసరాలు దాని వీపు మీద పుప్పొడి రాస్తాయి. పువ్వు విచ్చిన కాసేపటికి పైన ఉన్న మూడు కొమ్ములు కూడా నెమ్మదిగా కిందికి వంగి కేసరాల ఎత్తుకు వస్తాయి. ఇంకో పువ్వు నుంచి పుప్పొడి మోసుకొచ్చిన ఈగ వీపును అవి తుడుచుకుంటాయి. పని పూర్తయింది. పువ్వు మూసుకుంటుంది.

తెల్లజుమికికి ఇంకో సులువు ఉంది. ఈగ రాకపోయినా తన పుప్పొడితో తానే కాయ కట్టగలదు. అందుకే ఒక్క గింజ పడ్డ చోట ఏడాది తిరిగేసరికి దడి అంతా అదే అవుతుంది.

కాయ చుట్టూ ఉన్న వలను ముట్టుకుంటే వేళ్లకు జిగురు అంటుకుంటుంది. దారాల కొసన ఉన్న చిన్న చిన్న గ్రంథులు ఆ జిగురును స్రవిస్తాయి. చీమలు, చిన్న పురుగులు అందులో చిక్కుకుని చచ్చిపోతాయి. మొగ్గనూ కాయనూ కాపాడే కాపలా అది. 1995లో మన దేశపు పరిశోధకులు జర్నల్ ఆఫ్ బయోసైన్సెస్‌లో రాసిన వ్యాసం ఇంకో అడుగు ముందుకెళ్లింది. ఆ జిగురులో మాంసకృత్తులను కరిగించే ఎంజైములు ఉన్నాయనీ, పురుగు నుంచి పోషకాలు కూడా మొక్కలోకి చేరుతున్నాయనీ చెప్పింది. అంటే లింగంపేట దడి మీద ఉన్నది సగం మాంసాహారి అన్నమాట. ఇంత కాపలా దేనికి? లోపలున్న ఆ ఇరవై గింజలకే.

నాము తెలిసిన రైతుకు చెప్పాల్సిన పని లేదు

జొన్న పండించిన రైతుకు నాము అంటే తెలుసు. నీళ్లు లేక గిడసబారిన లేత జొన్న, కోశాక మళ్లీ వేసిన పిలకలు మేసిన పశువు కాళ్లు తన్నుకుని పడిపోతుంది. ఆ చిగుళ్లలో దాగి ఉండే సయనైడ్ పని అది. జుమికి తీగ ఆకుల్లో, పచ్చి కాయల్లో ఉండేదీ ఆ కోవకు చెందిన రసాయనాలే. ఆకు నలిగినా, నమిలినా సయనైడ్ విడుదలవుతుంది. కాయ పండేకొద్దీ అది తగ్గిపోతుంది. పచ్చి కాయ తినకూడదన్న పిల్లల మాట వెనక ఉన్న శాస్త్రం ఇంతే. గింజ తయారయ్యేదాకా ఎవరినీ దగ్గరికి రానివ్వకపోవడం, తయారయ్యాక రమ్మని పిలవడం.

ఇంత విషం ఉన్నా దీన్నే అన్నంగా తినే జీవి ఒకటుంది. నారింజ రంగు రెక్కల మీద నల్ల చుక్కలు వేసుకుని, తొందరేమీ లేనట్టు నేలకు దగ్గరగా నింపాదిగా ఎగిరే సీతాకోకచిలుక. ఇంగ్లిష్‌లో టానీ కోస్టర్ అంటారు. తన పిల్లలకు అది ఎంచుకునే ఆకుల్లో జుమికి ఒకటి. ముళ్లలాంటి నూగుతో ఉన్న గొంగళి పురుగులు ఆకు తిని, ఆ విషాన్ని తమ రక్షణకు వాడుకుంటాయి. అందుకే పెద్దయ్యాక కూడా పిట్టలు దాన్ని ముట్టవు. అది నింపాదిగా ఎగరడం ధైర్యంతోనే. మన దేశమూ శ్రీలంకా సొంతమైన ఈ సీతాకోకచిలుక ఆగ్నేయాసియా దేశాల మీదుగా పాకుతూ 2012లో ఆస్ట్రేలియాలో డార్విన్ దగ్గర తేలింది. పోయిన చోటల్లా దానికి అన్నం పెట్టిన మొక్కల్లో అక్కడ కలుపుగా పెరిగిన జుమికి కూడా ఉంది. అమెరికా తీగ, భారత సీతాకోక, ఆస్ట్రేలియాలో కాపురం.

నిద్ర మందు ఏ తీగలో

పాసిఫ్లోరా అన్న పేరు మన ఊళ్లలో ఎక్కువమంది విన్నది హోమియో దుకాణంలో. నిద్ర పట్టడం లేదంటే ఇచ్చే చుక్కల మందు సీసా మీద ఆ పేరు ఉంటుంది. అయితే ఆ మందు మొక్క మన దడి మీది తీగ కాదు. అది అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల్లో పెరిగే పాసిఫ్లోరా ఇన్‌కార్నటా. అక్కడి ఆదివాసులు వేల ఏళ్లుగా దాని పండు తిన్నారని పాత నివాసాల తవ్వకాల్లో దొరికిన గింజలే చెబుతున్నాయి. చూడండి, ఇక్కడా సాక్ష్యం పలికింది గింజే.

ఎండబెట్టిన ఇన్‌కార్నటా తీగను, ఆకును, పువ్వును ఐరోపాలో మానసిక ఒత్తిడికి, నిద్రలేమికి సంప్రదాయ మూలికగా వాడతారు. ఐరోపా మందుల సంస్థ కూడా దీన్ని సంప్రదాయ వాడకం కింద గుర్తించింది. 2001లో టెహ్రాన్‌లో ఆందోళనతో బాధపడుతున్న 36 మంది మీద చేసిన చిన్న అధ్యయనంలో ఇది ఆక్సాజిపామ్ అనే మాత్రతో సమానంగా పనిచేసినట్టు కనిపించింది. మాత్ర త్వరగా పనిచేసింది, మూలిక వాడినవాళ్లకు పగటి పనిలో ఇబ్బంది తక్కువైంది. కానీ 36 మందితో లోకమంతటికీ తీర్పు చెప్పలేం. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1978లోనే, తగిన రుజువులు లేవని, దుకాణంలో చీటీ లేకుండా అమ్మే నిద్ర మందుల జాబితాలోంచి దీన్ని తీసేసింది.

మన తెల్లజుమికికీ వైద్యంలో చోటు లేకపోలేదు. వియత్నాంలో దీన్ని లాక్ తియెన్ పేరుతో నిద్రకోసం కాచుకుని తాగుతారు. మన దేశపు మూలికా గ్రంథాల్లో తలనొప్పికి, తల తిరుగుడుకు ఆకు ముద్ద తలకు పట్టించడం, ఉబ్బసానికి కషాయం ఇవ్వడం నమోదై ఉన్నాయి. కానీ ఎంత ఆకు, ఎంతసేపు కాయాలి, ఎవరికి ఇవ్వకూడదు అన్నది తెలియకుండా దడి మీది తీగ తెంపి పొయ్యి మీద పెట్టడం ప్రమాదం. సయనైడ్ సంగతి పైన చెప్పుకున్నాం. గర్భిణులు ఏ జుమికి మందూ వాడకూడదు. ఇప్పటికే నిద్ర మాత్రలు, మానసిక వైద్యుడి మాత్రలు వేసుకుంటున్నవాళ్లు వీటిని కలిపితే మత్తు పెరగవచ్చు. ఆపరేషన్ ఉంటే వాడుతున్న సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

పెద్దింటి చుట్టం

జుమికికి పెద్దింటి చుట్టం ఒకటుంది. సూపర్ మార్కెట్లలో ఊదారంగులోనో పసుపు రంగులోనో కోడిగుడ్డంత ఉండే ప్యాషన్ ఫ్రూట్. దాని పేరు పాసిఫ్లోరా ఎడ్యులిస్, తినదగినది అని అర్థం. బ్రెజిల్ దాని పుట్టిల్లు, ఇప్పటికీ ఎక్కువ పండించేదీ అక్కడే. మన దేశంలో మణిపూర్, నాగాలాండ్, మిజోరం కొండల్లో, ఇటు కొడగు, వయనాడ్, నీలగిరుల్లో తోటలున్నాయి. కొడగులోని చెట్టళ్లి ఉద్యాన పరిశోధన కేంద్రం ఊదా, పసుపు రకాలను కలిపి కావేరి అనే సంకర రకాన్ని తెచ్చింది.

ఊదా రకానికి చల్లని కొండలు కావాలి. మన ఎండలను కొంతైనా ఓర్చుకునేది పసుపు రకం. అయితే ఆ రకంతో పెద్ద చిక్కు ఉంది. తెల్లజుమికిలా తన పుప్పొడితో తాను కాయ కట్టదు. ఒకే మొక్క పువ్వులు ఎన్నిసార్లు కలిసినా గింజ పడదు. వేరే మొక్క పుప్పొడి కావాలి. పైగా ఒక తల్లి తీగ నుంచి కొమ్మలు కోసి పది మొక్కలు చేసినా అవి పదీ ఒకే మొక్క కిందే లెక్క. పందిరి నిండా పువ్వులు, ఒక్క కాయ లేదని నిరాశపడేవాళ్ల ఇంట్లో తరచూ జరిగేది ఇదే. గింజ నుంచి లేచిన మొక్క మాత్రం దేనికదే వేరు. అందుకే ఈ తీగను పెంచాలంటే కొమ్మకన్నా గింజ నమ్మకం.

పుప్పొడి మోసేదీ మామూలు తేనెటీగ కాదు. పసుపు రకం పువ్వు పెద్దది, కేసరాలు ఎత్తులో ఉంటాయి. చిన్న ఈగ తేనె దొంగిలించి పోతుంది, వీపు మాత్రం కేసరానికి తగలదు. ఆ పనికి పనికొచ్చేది పాత ఇళ్ల వాసాలకు, వెదురు బొంగులకు గుండ్రని రంధ్రాలు చేసే నల్ల తుమ్మెద. ఇల్లు పాడు చేస్తుందని పొగబెట్టి తరిమేస్తాం కదా, అదే. పందిరి పక్కన ఒక ఎండు మొద్దు పడేసి ఉంచితే అక్కడే కాపురం పెడుతుంది. తుమ్మెదలు లేని చోట మధ్యాహ్నం పూట మనమే మెత్తని బ్రష్షుతో ఒక మొక్క పుప్పొడిని ఇంకో మొక్క పువ్వుకు అద్దాలి. పసుపు రకం పువ్వు విచ్చేది మధ్యాహ్నమే, ఊదా రకంలా తెల్లవారుజామున కాదు.

ఉమ్మేసేదే విలువైనది

ప్యాషన్ ఫ్రూట్ తినేటప్పుడు చాలామంది గింజలు వడగట్టేస్తారు. వంద గ్రాముల గుజ్జులో గింజలతో కలిపి తింటే పది గ్రాముల దాకా పీచు, 30 మిల్లీగ్రాముల విటమిన్ సి ఉంటాయి. వడగడితే పీచులో ఎక్కువ భాగం జల్లెడలోనే ఉండిపోతుంది. కరకరలాడుతున్న గింజను నమిలి మింగినా హాని లేదు. జ్యూస్ ఫ్యాక్టరీలు పారబోసే గింజల నుంచే నూనె తీసి చర్మానికి రాసే క్రీముల్లో వాడుతున్నారు. పొద్దుతిరుగుడు నూనెలాగే ఆ నూనెలోనూ లినోలియిక్ ఆమ్లమే అధికం. జపాన్ పరిశోధకులు ఈ గింజల్లో పిసియటనాల్ అనే పదార్థం పుష్కలంగా ఉందని గుర్తించి, చర్మానికి, రక్తనాళాలకు అది చేసే మేలు మీద పనిచేస్తున్నారు.

అలాగని ఎకరాకు లక్షలు వస్తాయని చెప్పి మొక్కలు అంటగట్టేవాళ్ల మాట వినకండి. ఈ తీగకు ఎండు తెగులు, వేర్లలో నులిపురుగుల బెడద ఎక్కువ. కామారెడ్డి వైపు దీనికి మార్కెట్టూ లేదు. బీర, కాకర పందిరి ఉన్నవాళ్లు అదే పందిరి మీద ఇంటికి సరిపడా నాలుగు తీగలు పెంచి చూసుకోవడం మంచిది. పాడైతే పోయేది నాలుగు తీగలే.

గింజ పెట్టేదిలా

బాగా ముడతలు పడి బరువుగా ఉన్న ప్యాషన్ ఫ్రూట్ తీసుకోండి. ముడత పడితే పాడైందని కాదు, పూర్తిగా పండిందని. గుజ్జు గింజలతో సహా గ్లాసు నీళ్లలో వేసి రెండు మూడు రోజులు పులియనివ్వండి. గింజ చుట్టూ ఉన్న పొర వదులవుతుంది. జల్లెడలో రుద్ది కడిగి నీడన ఆరబెట్టండి. వెంటనే నాటితే రెండు నాలుగు వారాల్లో మొలుస్తుంది. డబ్బాలో దాచిన పాత గింజ మొండికేస్తుంది, పైపెంకు గట్టిపడుతుంది. అలాంటివి ఉంటే ఉప్పు కాగితంతో ఒక వైపు కొంచెం గీరి, ఒక రోజు గోరువెచ్చని నీళ్లలో నానబెట్టండి. అర అంగుళం లోతు చాలు. నీళ్లు నిలవకూడదు. అన్నీ కలిసొస్తే ఏడాదికి అటూ ఇటూగా పూత కనిపిస్తుంది.

నర్సరీలో కొనే కృష్ణకమలం సంగతి వేరు. అలంకారానికి అమ్మే రకాల్లో చాలావరకు సంకరాలు. కొమ్మల నుంచే పెంచుతారు. నిండుగా పూస్తాయి, కాయ మాత్రం కట్టవు. కాయలేదని చింతపడకండి, అది అందం కోసమే.

తెల్లజుమికి విషయంలో చేయాల్సింది ప్యాషన్ ఫ్రూట్‌కు పూర్తిగా విరుద్ధం. దాన్ని కొత్తగా ఎక్కడా నాటకండి. పసిఫిక్ దీవుల్లో, ఉత్తర ఆస్ట్రేలియాలో అది స్థానిక మొక్కల మీద ఎగబాకి ఊపిరాడనివ్వని కలుపుగా పేరు తెచ్చుకుంది. మనకు చుట్టూ అడవులున్నాయి. దక్షిణాన పోచారం అభయారణ్యం ఉంది. అడవి అంచున కనిపిస్తే కాయ పండకముందే వేరుతో పీకేయాలి. చేను దడి మీద ఉన్నదాన్ని మాత్రం సీతాకోకకో, పిల్లలకో కొంత వదిలేయవచ్చు. కానీ దున్నే చేలోకి దిగనివ్వకండి.

మూడు తీగలూ మూడు రకాల మర్యాద కోరతాయి. దడి మీది జుమికిని అదుపులో ఉంచాలి. నర్సరీ రాఖీ పువ్వును చూసి ఆనందించాలి. ప్యాషన్ ఫ్రూట్‌ను నాటాలి. ఈ మూడింటినీ ఒకటే అనుకుని, ఒకదాని ఆకును ఇంకోదాని మందుగా కాచుకోవడమే అన్నిటికన్నా పెద్ద పొరపాటు.

ఈసారి ఎవరింట్లోనైనా ప్యాషన్ ఫ్రూట్ కోస్తే గింజల్ని చెత్తబుట్టలో వేయకుండా కాగితంలో పొట్లం కట్టి తెచ్చుకోండి. తొలకరి పడగానే పందిరి కింద నాటండి. ఒక్క గింజ కాదు, కనీసం రెండు. పసుపు రకం ఒక్కటే మొలిస్తే కౌరవులూ పాండవులూ పందిరి నిండా కొలువుతీరతారు గానీ కాయ మాత్రం పడదు.